బలం మాత్రలు: లోటు తేల్చుకుని, లెక్క చూసుకుని వాడే పద్ధతి

నీరసంగా ఉందని మెడికల్ షాపులో అడిగితే ఎక్కువసార్లు చేతికొచ్చేది ఒక మల్టీవిటమిన్ స్ట్రిప్. నెల రోజులు వేసుకున్నా నీరసం అలాగే ఉంటుంది. ఆ మాత్రలో ఇరవై రకాల పోషకాలుంటాయి కానీ, మీకు తక్కువైన ఆ ఒక్కటీ లోటు తీరేంత ఉండదు. రక్తహీనతకు పెద్దవాళ్ళకు ఇచ్చే ఐరన్ 60 నుంచి 100 మి.గ్రా. వరకు ఉంటే, చాలా మల్టీవిటమిన్లలో 10, 15 మి.గ్రా. మించదు. పైగా ఐరన్, కాల్షియం, జింక్ ఒకే బిళ్ళలో కూర్చుంటే పేగులో ఒకదానికొకటి అడ్డుపడతాయి. అందుకే ముందు ఏది తక్కువైందో తేల్చుకోవాలి. ఎంత, ఏ వేళకు, ఎన్నాళ్ళు అనేవి ఆ తర్వాతి సంగతి.

మన ఇళ్ళలో తరచూ కనిపించే లోట్లు నాలుగు: ఐరన్, బి12, విటమిన్ డి, కాల్షియం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అంటే సగానికి పైగా ఇళ్ళకు ఈ విషయం పనికొస్తుంది.

మొదట రక్తపరీక్ష

సీబీపీ, అంటే రక్తకణాల లెక్క పరీక్ష, చేయించండి. చవకైన పరీక్ష, ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది. అందులో రెండు అంకెలు చూడాలి. హిమోగ్లోబిన్ గర్భం లేని స్త్రీలకు 12, గర్భిణులకు 11, మగవాళ్ళకు 13 కంటే తగ్గితే రక్తహీనత. రెండోది ఎంసీవీ, అంటే ఎర్రకణం పరిమాణం. 80 కంటే తక్కువైతే ఐరన్ లోటు కావచ్చు, తలసీమియా లక్షణం, అంటే హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని జన్యులోపం, పుట్టుకతో ఉండటమూ కావచ్చు. 100 దాటితే బి12 లేదా ఫోలిక్ యాసిడ్ వైపు అనుమానించాలి. ఇక్కడొక చిక్కుంది. ఐరన్, బి12 రెండూ తక్కువైన మనిషిలో ఒకటి కణాన్ని చిన్నది చేస్తుంది, రెండోది పెద్దది చేస్తుంది. ఎంసీవీ మాత్రం మధ్యలో ఆగి బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. శాకాహారులైన స్త్రీలలో ఇది జరుగుతుంది కాబట్టి, హిమోగ్లోబిన్ తక్కువగా ఉండి ఎంసీవీ మామూలుగా ఉంటే అక్కడితో వదిలేయకూడదు.

ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది ఫెరిటిన్. 15 కంటే తక్కువైతే నిల్వ ఖాళీ అయినట్టే. 30 కంటే తగ్గగానే వైద్యం మొదలుపెట్టే డాక్టర్లూ ఉన్నారు. జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఫెరిటిన్ ఉత్తినే పెరిగి కనిపిస్తుంది, తగ్గాక చేయించుకోవాలి. తలసీమియా లక్షణం ఉన్నవాళ్ళు ఫెరిటిన్ చూడకుండా ఏళ్ళ తరబడి ఐరన్ మింగితే హిమోగ్లోబిన్ పెరగదు, ఐరన్ మాత్రం పేరుకుంటుంది. ఈ ఒక్క కారణానికైనా ఫెరిటిన్ పరీక్షకు డబ్బు పెట్టడం సబబే.

బి12 రక్తంలో 200 పికోగ్రాముల కంటే తక్కువైతే లోటు, 200-300 మధ్య అయితే అనుమానం. విటమిన్ డి 20 నానోగ్రాముల కంటే తక్కువైతే లోటు. ఈ పరీక్షలన్నీ మాత్ర మొదలుపెట్టకముందే జరగాలి. నాలుగు రోజులు బి12 వేసుకున్నాక చేయిస్తే అంకె పెరిగి, అసలు లోటు దాగిపోతుంది. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే కనీసం రెండు మూడు రోజుల ముందు ఆపాలి. థైరాయిడ్ పరీక్షను, గుండెపోటును పట్టించే ట్రోపోనిన్ పరీక్షను కూడా బయోటిన్ తప్పుదారి పట్టిస్తుంది.

మగవాళ్ళలో గానీ నెలసరి ఆగిపోయిన స్త్రీలలో గానీ ఐరన్ లోటు బయటపడితే మాత్రతో సరిపెట్టుకోకండి. రక్తం ఎక్కడో పోతోందన్నమాట. మొలలు, కడుపులో పుండు, కీళ్ళ నొప్పికి రోజూ మింగే నొప్పి మాత్రలు, పెద్దపేగు క్యాన్సర్ — కారణం ఏదో డాక్టరు వెతకాల్సిందే. ఐరన్ వేసుకుని అంకె సరిచేసుకుంటే అసలు జబ్బుకు ముసుగు వేసినట్టవుతుంది.

ఐరన్

స్ట్రిప్ మీద పెద్ద అక్షరాల్లో ఉన్న అంకెను నమ్మి లెక్క వేయవద్దు. మీకు కావాల్సింది ఎలిమెంటల్ ఐరన్, అంటే ఆ లవణంలో ఉన్న అసలు ఇనుము. ఫెర్రస్ ఫ్యూమరేట్‌లో అది మూడో వంతు, ఫెర్రస్ గ్లూకోనేట్‌లో 12 శాతమే. మన షాపుల్లో ఎక్కువగా దొరికే ఫెర్రస్ ఆస్కార్బేట్ మాత్రల మీద సాధారణంగా ‘ఎలిమెంటల్ ఐరన్ 100 మి.గ్రా.’ అని విడిగా రాసి ఉంటుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో, ఏఎన్ఎం దగ్గర దొరికే ఎర్ర మాత్రలో 60 మి.గ్రా. ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. ఉచితమని చులకన చేస్తారు గానీ, వేలు పోసి కొన్న సీసాలకు ఇదేమీ తీసిపోదు.

రక్తహీనతను తగ్గించే ప్రభుత్వ కార్యక్రమం అనీమియా ముక్త్ భారత్‌లో వయసును బట్టి మాత్ర రంగు. 5-9 ఏళ్ళ పిల్లలకు వారానికొక గులాబీ మాత్ర, అందులో 45 మి.గ్రా. ఐరన్. 10-19 ఏళ్ళవారికి వారానికొక నీలం మాత్ర, అందులో 60 మి.గ్రా. గర్భిణులకు నాలుగో నెల నుంచి రోజుకొక ఎర్ర మాత్ర, కనీసం 180 రోజులు. కాన్పయ్యాక మరో 180 రోజులు. ఆరు నెలలు నిండిన పసిపిల్లలకు 1 మి.లీ. సిరప్ వారానికి రెండుసార్లు. ఇవన్నీ లోటు రాకుండా ఆపే మోతాదులు. రక్తహీనత ఉందని తేలినవారికి ఎంత ఇవ్వాలో డాక్టరు చెబుతారు.

వేసుకునే తీరు ఇలా. తిన్న రెండు గంటల తర్వాత, మళ్ళీ తినడానికి గంట ముందు, నిమ్మరసం కలిపిన నీళ్ళతో మింగాలి. నిమ్మ బదులు ఒక జామపండైనా సరే. సి విటమిన్ ఇనుమును పేగులోకి తేలిగ్గా దాటిస్తుంది. టీ, కాఫీ, పాలు, పెరుగు, కాల్షియం బిళ్ళ, ఎసిడిటీకి తాగే మందు ఏవీ దాని దగ్గరికి రాకూడదు. టీ, కాఫీకి ముందు గంట, వెనక గంట వదిలితే నయం. కాల్షియానికి రెండు గంటలు. పొద్దున్నే కాఫీతో పాటు ఐరన్ మాత్ర మింగే అలవాటున్న ఇంట్లో హిమోగ్లోబిన్ ఎందుకు పెరగడం లేదో వేరే వెతకనక్కర్లేదు.

పరగడుపున వేసుకుంటే వికారం, కడుపులో మంట వచ్చేవారు కొద్దిగా తిన్నాక వేసుకోవచ్చు. కొంత తక్కువ ఒంటబడుతుంది, అయినా మానేయడం కంటే మేలు. ఇంకో మార్గం రోజు విడిచి రోజు వాడటం. ఒక మోతాదు ఐరన్ పడగానే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోనును వదులుతుంది. దాదాపు ఒక రోజంతా అది పేగు తలుపు మూసి ఉంచుతుంది, కాబట్టి మర్నాటి మాత్రలో ఎక్కువ భాగం ఒంటబట్టకుండా మలబద్ధకం తెచ్చిపెట్టి బయటికి పోతుంది. నిల్వలు తక్కువైనా తీవ్ర రక్తహీనత లేని స్త్రీలలో రోజు విడిచి రోజు వేసుకుంటే ప్రతి మాత్ర నుంచి ఎక్కువ ఇనుము ఒంటబడుతోందని 2017లో వచ్చిన అధ్యయనం చూపించింది. రోజుకు రెండు, మూడు మాత్రలు మింగితే తొందరగా రక్తం పడుతుందన్న లెక్క పొరపాటు. గర్భిణులు మాత్రం తమ డాక్టరు చెప్పిన వరసే పాటించాలి.

మలం నల్లగా వస్తుంది. అది సహజం, భయపడి ఆపొద్దు. తారులా జిగటగా, విపరీతమైన వాసనతో వస్తే అది వేరు. కడుపులో రక్తస్రావం కావచ్చు, వెంటనే చూపించుకోవాలి. సిరప్ పళ్ళకు మరక పెడుతుంది, స్ట్రాతో తాగి నోరు పుక్కిలించాలి.

నాలుగు వారాలకు సీబీపీ మళ్ళీ చేయించండి. ఐరన్ పనిచేస్తుంటే హిమోగ్లోబిన్ ఒకటి నుంచి రెండు గ్రాములు పెరిగి ఉండాలి. పెరగలేదంటే ఈ వరసలో ఆలోచించాలి: మాత్ర నిజంగా రోజూ పడుతోందా, టీ గానీ కాల్షియం గానీ గ్యాస్ మాత్ర గానీ అడ్డొస్తోందా, నెలసరిలో రక్తం ఎక్కువగా పోతోందా, కడుపులో నులిపురుగులున్నాయా, బి12 కూడా తక్కువైందా, అసలిది తలసీమియానా. పెరిగితే సంతోషం, కానీ ఎక్కువమంది తప్పు చేసేది సరిగ్గా ఇక్కడే. హిమోగ్లోబిన్ 12 దాటగానే మానేస్తారు. రక్తంలోకి చేరింది గానీ నిల్వ ఇంకా ఖాళీయే. ఆ తర్వాత కూడా మూడు నెలల పాటు వాడితేనే ఫెరిటిన్ నిండుతుంది. లేదంటే ఆరు నెలలు తిరిగేసరికి మళ్ళీ మొదటికే వస్తుంది.

రేషన్ బియ్యం గురించి కూడా చెప్పాలి. అందులో కొన్నేళ్ళుగా కలుపుతూ వచ్చిన బలవర్ధకమైన గింజలను చూసి ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేసేవారున్నారు. అవి బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి మళ్ళీ గింజలుగా చేసినవి. రంగు, తేలిక తేడాగా ఉంటాయి గానీ తినేవే. అలా కలిపిన కిలో బియ్యంలో 28 నుంచి 42.5 మి.గ్రా. ఐరన్ ఉంటుంది. రోజుకు 150 గ్రాముల బియ్యం వండుకుంటే మనిషికి 4 నుంచి 6 మి.గ్రా. చేరుతుంది. భోజనానికి అది మంచి తోడు, రక్తహీనతకు వైద్యం కాదు.

బి12

ఇది మాంసం, చేపలు, గుడ్లు, పాలలో ఉంటుంది, కూరగాయల్లో ఉండదు. ఇడ్లీ పిండి పులిస్తే వస్తుందని, నాచు పొడిలో ఉంటుందని చెప్పేవాటిని నమ్ముకోకూడదు. నాచులో కనిపించేది ఎక్కువగా ఒంటికి పనికిరాని రూపం. శాకాహారులతో పాటు మరో రెండు గుంపులు జాగ్రత్తపడాలి. షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ళుగా వాడేవారు, గ్యాస్‌కని పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ లాంటివి రోజూ మింగేవారు. ఆహారంలోని బి12 విడిపోవడానికి కడుపులో ఆమ్లం కావాలి, ఆ మాత్రలు ఆమ్లాన్నే తగ్గిస్తాయి. మంచి సంగతేమిటంటే మాత్రలోని బి12కు ఆమ్లంతో పని లేదు.

రోజుకు కావాల్సింది రెండు, రెండున్నర మైక్రోగ్రాములే. మరి మాత్రలో 1000, 1500 ఎందుకు? మామూలు దారిలో పేగు ఒకసారికి రెండు మైక్రోగ్రాముల దాకే తీసుకోగలదు. మిగిలిన దానిలో సుమారు ఒక శాతం మాత్రమే దానంతటదే ఇంకి లోపలికి పోతుంది. వెయ్యిలో ఒక శాతమంటే పది. ఆ పది కోసమే వెయ్యి. లోటు తేలినవారికి రోజుకు 1000 నుంచి 2000 మైక్రోగ్రాములు, మళ్ళీ పరీక్షలో అంకె కుదురుకునే దాకా. లోటు లేని పూర్తి శాకాహారికి, అది రాకుండా, రోజుకు 10 నుంచి 50 మైక్రోగ్రాములు చాలు.

కాళ్ళూ చేతుల్లో తిమ్మిర్లు, నడకలో తూలడం, మతిమరుపు ఉంటే మాత్రతో ఇంట్లో కూర్చోవద్దు. నరాలు దెబ్బతింటున్న గుర్తులవి. 1000 మైక్రోగ్రాముల ఇంజెక్షన్లు వరసగా ఇస్తారు. ఆలస్యమైతే కొంత నష్టం తిరిగి రాదు. ఇక్కడ ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వాడటం ప్రమాదం: రక్తహీనత సర్దుకున్నట్టు కనిపిస్తుంది, లోపల నరాల నష్టం మాత్రం సాగిపోతుంది. నరాల బలానికని అమ్మే మిశ్రమాల్లో బి6 ఎంతుందో కూడా చూడండి. ఎక్కువ మోతాదులో నెలల తరబడి వాడితే బి6 తానే తిమ్మిర్లు తెస్తుంది.

విటమిన్ డి: అరవై వేల యూనిట్ల జాగ్రత్త

మన దగ్గర ఎక్కువగా రాసే మోతాదు 60,000 ఐయూ. పొడి ప్యాకెట్‌గానో, మెత్తటి క్యాప్సూల్‌గానో వస్తుంది. వారానికి ఒకటి, ఎనిమిది వారాలు. ఆ తర్వాత నెలకొకటి, లేదా రోజుకు 1000-2000 ఐయూ చిన్న మాత్ర. ఇందులో ‘వారానికి’ అన్న మాట జారిపోతే చాలా ప్రమాదం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి (ఐసీఎంఆర్) కలిసి పెద్దవాళ్ళకు సిఫారసు చేసింది రోజుకు 600 ఐయూ. రోజూ ఒక 60,000 ప్యాకెట్ తాగడమంటే దానికి నూరింతలు. ఈ విటమిన్ కొవ్వులో నిల్వ ఉంటుంది, మూత్రంలో పోదు. రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, ఆగని దాహం, మాటిమాటికీ మూత్రం, మనిషి అయోమయంలో పడటం వరసగా వస్తాయి, కిడ్నీలు దెబ్బతింటాయి.

ఈ పొరపాటు జరగకుండా మొదటి రోజే క్యాలెండరులో ఎనిమిది ఆదివారాలకు గుర్తు పెట్టండి, ఎనిమిది ప్యాకెట్లే కొనండి, ఒక్కో దాని మీద తేదీ రాయండి. ఇంట్లో పెద్దవాళ్ళు రోజువారీ మాత్రల డబ్బాలో దీన్ని కలిపేయకుండా విడిగా ఉంచాలి. ఆరు లక్షల ఐయూ ఇంజెక్షన్ వేయించుకుని, ఆ సంగతి చెప్పకుండా మరో డాక్టరు దగ్గర వారపు ప్యాకెట్లు రాయించుకునేవారూ ఉంటారు. ఒకేసారి కొండంత మోతాదు ఇవ్వడం మంచిదన్న నమ్మకానికీ ఆధారం లేదు. ఆస్ట్రేలియాలో వృద్ధ స్త్రీలకు ఏడాదికొకసారి ఐదు లక్షల యూనిట్లు ఇచ్చి చూస్తే పడిపోవడాలు, ఎముకలు విరగడాలు పెరిగాయని 2010లో తేలింది.

నూనె, నెయ్యి ఉన్న భోజనం తర్వాత వేసుకుంటే బాగా ఒంటబడుతుంది. పొడిని గ్లాసు పాలలో కలుపుకోవచ్చు. కిడ్నీ జబ్బు, కిడ్నీలో రాళ్ళు, టీబీ ఉన్నవారు డాక్టరును అడగకుండా మొదలుపెట్టవద్దు. ఎండ కూడా పనిచేస్తుంది కానీ మధ్యాహ్నపు ఎండ, నేరుగా చర్మం మీద పడాలి. కిటికీ అద్దం వెనక కూర్చుంటే వెలుతురు వస్తుంది, విటమిన్ రాదు.

కాల్షియం

ముందు తిండిలో ఎంత వస్తోందో లెక్కేయండి. రోజుకు 1000 మి.గ్రా. కావాలి. గ్లాసు పాలల్లో సుమారు 300, కప్పు పెరుగులో 180 దాకా, 50 గ్రాముల రాగిపిండితో చేసిన సంకటిలోనో జావలోనో 175 దాకా వస్తుంది. తగ్గినంత వరకే మాత్ర. కాల్షియం కార్బొనేట్ 1250 మి.గ్రా. అంటే అసలు కాల్షియం 500. ఒకసారికి 500 మించి వేసుకుంటే మిగిలింది వృథా. కార్బొనేట్ అయితే అన్నం తిన్న వెంటనే వేసుకోవాలి, దానికి ఆమ్లం కావాలి. రోజూ గ్యాస్ మాత్ర వాడేవారికి సిట్రేట్ నయం, అది ఎప్పుడైనా సరే. గర్భిణులకు ప్రభుత్వ కార్యక్రమంలో 14వ వారం నుంచి 500 మి.గ్రా. మాత్ర రోజుకు రెండుసార్లు ఇస్తారు, బిడ్డ పుట్టాక ఆరు నెలల దాకా. దాన్ని ఐరన్ మాత్రతో కలిపి మింగకూడదు.

గర్భం కోసం చూస్తున్నవారికి ఇంకొక మాట. ఫోలిక్ యాసిడ్ 400 మైక్రోగ్రాములు గర్భం రాకముందే మొదలుకావాలి. బిడ్డ వెన్నుపాము ఏర్పడేది మొదటి నాలుగు వారాల్లో. అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే తెలియదు. కాడ్ లివర్ ఆయిల్ లాంటి, విటమిన్ ఎ ఎక్కువున్నవి మాత్రం ఆ కాలంలో వద్దు. రోజుకు 10,000 ఐయూ దాటిన రెటినాల్ (విటమిన్ ఎ రూపం) బిడ్డకు హాని చేస్తుంది.

రోజులో ఎక్కడ ఏది

థైరాయిడ్ మాత్ర వాడే స్త్రీకి ఐరన్, కాల్షియం కూడా రాశారనుకుందాం. ఈ మూడింటినీ పొద్దున్నే ఒక్క గుక్కలో మింగితే మూడూ చెడతాయి. థైరాయిడ్ మాత్రకు, మిగతా రెండింటికి మధ్య నాలుగు గంటలుండాలి. ఆరింటికి థైరాయిడ్ మాత్ర మంచినీళ్ళతో. ఏడింటికి కాఫీ. ఎనిమిదిన్నరకు టిఫిను. పదకొండింటికి నిమ్మనీళ్ళతో ఐరన్. ఒకటిన్నరకు భోజనం, వెంటనే కాల్షియం. టీ నాలుగు గంటలకు. ఆదివారం భోజనంతో డి ప్యాకెట్. ఉద్యోగం వల్ల పదకొండింటికి కుదరకపోతే రాత్రి అన్నం తిన్న రెండు గంటలకు ఐరన్ వేసుకోవచ్చు. డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్ రాసినప్పుడు ఆ కొన్ని రోజులు ఐరన్, కాల్షియం ఆపేయడం సులువు. కలిస్తే మందు పనిచేయదు. రక్తం పలచబరిచే అసిట్రోమ్, వార్ఫరిన్ వాడేవారు విటమిన్ కె ఉన్న ఏ మాత్రనూ డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టకూడదు.

డబ్బా కొనేటప్పుడు

‘హెల్త్ సప్లిమెంట్’, ‘నాట్ ఫర్ మెడిసినల్ యూజ్’ అని ముద్రించి, ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చిన 14 అంకెల లైసెన్సు నంబరు ఉంటే చట్టం లెక్కలో అది ఆహారం. మందులకుండే పరీక్షలు దానికి ఉండవు. జబ్బు నయమవుతుందని దాని మీద రాస్తే అది నిబంధనకు విరుద్ధం. లోటు తేలి వైద్యంగా వాడుతున్నప్పుడు ఔషధ లైసెన్సు ఉన్నదే అడిగి తీసుకోండి. జన్ ఔషధి దుకాణంలో ఇవే తక్కువ ధరకు దొరుకుతాయి.

అమెరికా నుంచి పిల్లలు తెచ్చే పెద్ద సీసాల విషయంలో ముందు చూడాల్సింది సర్వింగ్ సైజు. అక్కడ రాసిన అంకె తరచూ రెండు మాత్రలకు, కొన్నిసార్లు నాలుగు గమ్మీలకు. ఆ దేశంలో 1994 చట్టం ప్రకారం సప్లిమెంట్లను అమ్మకానికి ముందు ప్రభుత్వం పరీక్షించి ఆమోదించదు. యూఎస్‌పీ వెరిఫైడ్ ముద్ర ఉంటే లోపల రాసినంత ఉందని బయటివారు పరీక్షించారన్నమాట. మగవాళ్ళకు, యాభై దాటినవారికి చేసిన సీసాల్లో సాధారణంగా ఐరన్ ఉండదు. రక్తహీనత ఉన్న కోడలు అత్తగారి సీసాలోంచి వేసుకుంటే ఫలితం ఉండదు.

కొన్నిటికి డబ్బు దండగ. కండల కోసం ప్రొటీన్ పొడి వద్దని ఐసీఎంఆర్, జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లోనే చెప్పాయి; పప్పు, గుడ్లు, పాలు ఆ పని చేస్తాయి. కరోనా రోజుల్లో మొదలుపెట్టిన 50 మి.గ్రా. జింక్‌ను ఇంకా కొనసాగిస్తున్నవారు ఆపాలి. నెలల తరబడి వాడితే ఒంట్లో రాగి తగ్గి కొత్త రక్తహీనత వస్తుంది. సిగరెట్ తాగేవారు బీటాకెరోటిన్ (ఒంట్లో విటమిన్ ఎగా మారేది) మాత్రల జోలికి పోకూడదు. ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గుతుందేమోనని 1990లలో ఇచ్చి చూస్తే, పెరిగింది.

మాత్రలను పొయ్యి పక్క అలమరలో, బాత్రూములో పెట్టకండి. వేడికి, తేమకు డి క్యాప్సూళ్ళు ఒకదానికొకటి అతుక్కుంటాయి, ఐరన్ పూత కరుగుతుంది. స్ట్రిప్‌లోంచి ముందే తీసి డబ్బాలో పోయడమూ వద్దు. పిల్లలున్న ఇంట్లో ఐరన్‌కు తాళం ఉండాలి. ఎర్రగా మెరిసే బిళ్ళ చాక్లెట్‌లా కనిపిస్తుంది, పది కిలోల పసివాడు 60 మి.గ్రా. మాత్రలు పది మింగితే ప్రాణాపాయం. వాంతులు కాసేపట్లో తగ్గి బిడ్డ తేరుకున్నట్టు కనిపిస్తాడు, కొన్ని గంటల తర్వాత పరిస్థితి విషమిస్తుంది. కాబట్టి తేరుకున్నాడని ఇంట్లో ఉంచకుండా, ఖాళీ స్ట్రిప్ చేత్తో పట్టుకుని వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.